రెండు ఇమారతులు, ఒకే విరాసత్

ఫార్సీ అనగానే మన దగ్గర రెండు జవాబులు తయారుగా ఉంటాయి. ఒక తరఫు వాళ్లు "అది తురకోళ్ల భాష, బయటి నుంచి వచ్చింది, తీసి పారేయండి" అంటారు. ఇంకో తరఫు, మన కౌమ్‌లోనే కొందరు, "ఫార్సీ అంటే సాదీ, రూమీ, హాఫిజ్. అంతకు ముందున్నదంతా ఆతిష్‌పరస్తుల జమానా. దాంతో మనకేం వాస్తా?" అంటారు. ఈ ఇద్దరూ ఒకరికొకరు దుష్మన్లమనుకుంటారు గానీ ఇద్దరి ఖయాల్ ఒకటే. ఫార్సీ, ఇస్లాం ఒకే రోజు, ఒకే ఇంట్లో పుట్టాయని ఇద్దరూ నమ్ముతున్నారు.

ఈ ఖయాల్ ఎంత కచ్చాదో తెలియాలంటే తెహ్రాన్‌లోని ఇరాన్ నేషనల్ మ్యూజియం చూడాలి. వాళ్లు దాన్ని ‘మూజే-ఎ-మిల్లీ’ అంటారు. అక్కడ పక్కపక్కన రెండు ఇమారతులు ఉన్నాయి. ఒకటి ఇస్లాంకు ముందటి ఇరాన్‌ది, ‘ఇరాన్-ఎ-బాస్తాన్’. రెండోది ఇస్లామీ దౌర్‌ది. మొదటిది 1937లో తెరిచారు. ఫ్రెంచి ఆర్కిటెక్ట్ ఆంద్రే గొదార్ గీసిన నక్షా. ఎర్ర ఇటుకల పెద్ద కమాను, ససానీ బాద్‌షాల ‘తాఖ్-ఎ-కిస్రా’ను యాది చేస్తుంది. ఆ అసలు తాఖ్ ఈనాటి ఇరాక్‌లో, బగ్దాద్ దగ్గర ఉంది. రెండో ఇమారత్ 1996లో, అంటే ఇస్లామీ ఇన్‌కిలాబ్ తర్వాత తెరుచుకుంది. మజ్‌హబ్ పేరు మీద నడిచే హుకూమత్ కొత్త ఇమారత్ తలుపులు తీసింది గానీ పాతదానికి తాళం వేయలేదు. నా మటుకు ఆ మ్యూజియం చెప్పే మొదటి సబఖ్ ఇదే.

అది ఉన్న వీధి పేరు ‘సీ-ఎ-తీర్’. సీ అంటే ముప్ఫై. తీర్ అంటే ఇరాన్ కేలండర్‌లో ఒక మహీనా. 1952 జులై 21న ముసద్దిక్‌ను మళ్లీ ప్రధాని చేయాలని జనం రోడ్ల మీదికొచ్చి జానులిచ్చిన తారీఖు అది. అదే వీధిలో మస్జిద్, చర్చి, యూదుల ఇబాదత్‌గాహ్, జొరాస్త్రియన్ల అగ్ని ఆలయం కూత వేటు దూరంలో ఉంటాయి. ఈ తీర్ మహీనాను కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ పని పడుతుంది.

ఉర్దూ మీడియంలో చదివినవాడికి ఆ మ్యూజియంలో ఒక అజీబ్ హాలత్ ఎదురవుతుంది. అక్షరాలన్నీ తెలుసు, మాటలు సగమే తెలుసు. లోపలికి వెళ్లే దారి మీద ‘వురూద్’, బయటికి దారి మీద ‘ఖురూజ్’. అక్కడిదాకా సాఫ్‌గా నడుస్తుంది. తర్వాత మాటలు మోసం చేయడం మొదలుపెడతాయి. మనకు ‘తక్లీఫ్’ అంటే బాధ, వాళ్లకు బడి పిల్లల హోంవర్కు. మనకు ‘ఖస్తా’ అంటే కరకరలాడే కచోరీ, వాళ్లకు అలసిపోయిన మనిషి. తెలుగులో ‘తమాషా’ అంటే నవ్వులాట. ఫార్సీలో తమాషా అంటే చూడటం. ఆ లెక్కన మ్యూజియంకు పోయినవాళ్లంతా చేసేది తమాషాయే. ఒకే మాట ఇరాన్ నుంచి దక్కన్‌కు నడిచొచ్చేలోగా ఎన్ని వేషాలు మార్చిందో చూడండి. అయినా అది పరాయిది కాలేదు, ఇక్కడి నీళ్లు తాగి ఇక్కడిదైపోయింది.

ఇరాన్-ఎ-బాస్తాన్‌లో ఒక బుత్ ఉంది. తల లేదు, ఉన్నంత మేరకే రెండున్నర మీటర్ల దాకా ఉంటుంది. డేరియస్ బాద్‌షాది. ఈజిప్టు రాతితో ఈజిప్టులో చెక్కి, సూసా నగరానికి తెచ్చారు. 1972లో అక్కడి తవ్వకాల్లో బయటపడింది. దుస్తుల మడతల మీద నాలుగు జబాన్లలో రాత ఉంది: పాత ఫార్సీ, ఈలామీ, బాబిలీ, ఈజిప్టు చిత్రలిపి. పీఠం చుట్టూ ఇరవై నాలుగు బొమ్మలు, మోకాళ్ల మీద కూర్చుని చేతులు పైకెత్తి. అవి ఆయన హుకూమత్ కింద ఉన్న ఇరవై నాలుగు ముల్కుల జనం. ఒక్కో బొమ్మ కింద ఆ ముల్కు పేరు. అందులో ఒక పేరు మనది. సింధు నది ఒడ్డున ఉన్న ఇలాఖా, పాత ఫార్సీలో ‘హిందుష్’.

సంస్కృతం ‘స’ అన్నచోట పాత ఇరానీ జబాన్లు ‘హ’ అంటాయి. సింధు హిందూ అయింది. సప్త హఫ్త్ అయింది. సప్తాహం, హఫ్తా అక్కాచెల్లెళ్లు. ఆ బుత్ చెక్కింది దాదాపు 2,500 ఏళ్ల కింద. ఇస్లాం రావడానికి ఇంకా వెయ్యేళ్లకు పైగా ఉంది. అప్పటికే ఈ ముల్కును ఇరానీలు ‘హింద్’ శబ్దంతో పిలుస్తున్నారు. ఇవాళ ఊళ్ల పేర్లలో, సర్కారీ కాగితాల్లో ఫార్సీ వాసన ఉండకూడదని నారాలిచ్చే వాళ్లను నేను అదబ్‌గా ఒక సవాల్ అడుగుతాను. హిందూ, హిందీ, హిందూస్తాన్ అనే మాటల్ని ఎక్కడ పెడతారు? ఫార్సీ ముసల్మాన్‌ది కాబట్టి పోవాలంటే, ముందు ఇస్లాంకు వెయ్యేళ్ల కింద రాతిలో చెక్కిన ఆ పేరు సంగతి తేల్చాలి.

ఇప్పుడు మన ఇంటి మాట. ఆ ఇమారత్‌లో ఉన్నదంతా కుఫ్ర్ జమానాది, మనకు వద్దు అనే దోస్తులు రోజుకు ఐదుసార్లు ఏం చదువుతారు? నమాజ్. అది అరబీ మాట కాదు, అరబీలో సలాత్. నమాజ్ ఇస్లాంకు ముందటి ఇరాన్ మాట. వంగడం, తలవంచడం దాని అర్థం. సంస్కృతం ‘నమస్సు’కు తోబుట్టువు. మన నమాజ్, పక్కింటాయన నమస్కారం ఒకే వేరు నుంచి మొలిచాయి. రంజాన్‌లో ఉండే రోజా, మనం పిలిచే ఖుదా, పైగంబర్, ఫరిష్తా, బిహిష్త్, దోజఖ్, ఇవన్నీ ఫార్సీ మాటలే. ఈ మధ్య మన గల్లీల్లో ‘ఖుదా హాఫిజ్’ అంటే తక్కువ ఈమాన్, ‘అల్లా హాఫిజ్’ అంటే పక్కా ఈమాన్ అన్నట్టు కొలతలు మొదలయ్యాయి. మన దాదీలు, నానీలు బతుకంతా ఖుదా అంటూనే సజ్దాలో నుదురు అరగదీసుకున్నారు. వాళ్ల ఈమాన్‌ను కొలిచే తరాజు ఎవరి దగ్గరుంది?

అరబ్బు దేశం నుంచి దీన్ వచ్చింది. దాన్ని దిల్‌లోకి దించుకోవడానికి ఇరానీలు తమ పాత మాటల్నే వాడుకున్నారు. పాత గిన్నెలోనే కొత్త అన్నం వండుకున్నారు. దానివల్ల అన్నం హరామ్ కాలేదు, గిన్నె పనికిరానిదీ కాలేదు.

అదే ఇమారత్‌లో బాద్‌షా కాని మనిషి ఒకడున్నాడు. అసలు మనిషే, బుత్ కాదు. జంజాన్ దగ్గర చెహ్రాబాద్ ఉప్పు గనిలో 1993 చలికాలంలో దొరికాడు. తెల్లటి పొడవాటి జుట్టు, గడ్డం, చెవికి బంగారు పోగు. తల ఉంది, తోలు బూటులో కాలు ఉంది. దాదాపు 1,700 ఏళ్ల కిందటివాడు. గనిలో చచ్చిపోతే ఉప్పు తడిని పీల్చేసి అతన్ని కుళ్లకుండా ఆపింది. అతని దగ్గర కత్తులు, సూది, తాడు ముక్కలు, ఒక అక్రోట్ కాయ కూడా దొరికాయి. డేరియస్ తన తారీఖ్‌ను నాలుగు భాషల్లో రాయించుకున్నాడు, కాలం ఆయన తలే తీసుకుపోయింది. ఏమీ రాయించుకోని ఇతని ముఖం మాత్రం ఇంకా మనవైపు చూస్తూనే ఉంది. ఇతని మజ్‌హబ్ ఏదైతేనేం? పనికి పోయి ఇంటికి రాని మనిషి. సింగరేణి ఇలాఖాలో పుట్టిన ఎవరికైనా ఆ ముఖం పరాయిదిగా అనిపించదు.

ఇక ‘ఇది మాది’ అనే మాట ఎంత జారుడుగా ఉంటుందో చూపించేది హమ్మురాబి రాయి. ప్రపంచంలో పేరున్న పాత కానూన్ రాత అది. తెహ్రాన్‌లో ఉన్నది నఖల్. అసలుది పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. 1901లో సూసాలో తవ్వుతున్న ఫ్రెంచి వాళ్లకు దొరికింది. సూసాలో దొరికే సామానంతా ఫ్రాన్స్‌కే పోవాలని కజార్ బాద్‌షా ముజఫ్ఫరుద్దీన్ 1900లో రాసిచ్చాడు. తవ్వకాల మీద ఫ్రాన్స్ పెత్తనం 1927 దాకా నడిచింది. చదివితే గుస్సా వస్తుంది, రావాలి కూడా. కానీ ఆ రాయి సూసాకు ఎట్లా వచ్చింది? క్రీస్తుకు పూర్వం పన్నెండో శతాబ్దంలో ఈలామీ రాజు బాబిలోన్‌ను లూటీ చేసి పట్టుకొచ్చాడు. ఇరానీలు "మాది" అంటే ఇరాకీలు "కాదు, మాది" అంటారు. ఇద్దరికీ హక్కుంది, ఇద్దరి చేతుల్లోనూ అది లేదు.

ఈ కహానీలో మన తెలుగు నేల కూడా ఉంది. తెహ్రాన్‌లోనే సెంట్రల్ బ్యాంకు ఖజానాలో ఇరాన్ జాతీయ జవాహరాత్ ఉంటాయి. అక్కడి గులాబీ రంగు దరియా-ఎ-నూర్ గోల్కొండ గనుల వజ్రం. 1642లో ఫ్రెంచి వ్యాపారి తావెర్నియే గోల్కొండలో చూసిన పెద్ద వజ్రం తర్వాత రెండు ముక్కలైందని, వాటిలో ఒకటి దరియా-ఎ-నూర్, రెండోది ఫరా మలికా నికాహ్ కిరీటంలో ఉన్న నూరుల్ ఐన్ అని 1965లో ఆ ఖజానాను పరిశీలించిన కెనడా నిపుణులు తేల్చారు. దరియా-ఎ-నూర్‌ను ఇరాన్‌కు తీసుకుపోయింది నాదిర్‌షా. 1739లో ఢిల్లీలో కత్లే ఆమ్ చేయించి ఖజానా ఊడ్చుకుపోయాడు. కొల్లగొట్టినవాడు ముసల్మానే, పోగొట్టుకున్న బాద్‌షా ముసల్మానే, గల్లీల్లో తెగిపడిన వాళ్లలో రెండు మజ్‌హబ్‌ల గరీబులూ ఉన్నారు. హిందూ ముసల్మాన్ జంగ్‌గా తారీఖ్ రాసుకునే వాళ్లు ఈ పేజీ ఎందుకు తిప్పరో నాకు అర్థం కాదు. వజ్రాన్ని తవ్విన కృష్ణా ఒడ్డు కూలీ పేరు మాత్రం ఆ ఖజానాలోనూ లేదు, మన కితాబుల్లోనూ లేదు.

రెండో ఇమారత్‌లోకి పోతే ముసల్మాన్ మనసు కాస్త నిమ్మళిస్తుంది. ఖురాన్ రాతప్రతులు, మిహ్రాబులు, కాషాన్ పెంకులు. కాషాన్ ఊరి పేరు మీదే మనం ఆ పెంకు పనిని కాషీకారీ అంటాం. లస్టర్ పెంకును రెండుసార్లు కాలుస్తారు. మొదట తెల్లటి మెరుపు పూత పూసి కాల్చి, దాని మీద వెండి, రాగి కలిపిన రంగుతో గీసి, రెండోసారి గాలి అందకుండా పొగలో కాలుస్తారు. అప్పుడు బంగారం లేకుండానే బంగారు మెరుపు వస్తుంది. అది కారీగర్ హునర్. అర్దబీల్ దర్గా నుంచి వచ్చిన చీనా పింగాణీ కూడా ఈ మ్యూజియంలోనే ఉంది. షా అబ్బాస్ 1611లో తన పెద్దల దర్గాకు వెయ్యికి పైగా పింగాణీ సామాను నజరానా ఇచ్చాడు. చీనాలో కుమ్మరులు చేసినవి ఒక సూఫీ పీర్ మజార్‌కు అలంకారమయ్యాయి. ‘ఖాలిస్ ఇస్లామీ కళ’ కోసం వెతుక్కుంటూ పోయినవాళ్లకు అక్కడ కనిపించేది చీనా నీలి రంగు.

అదే 1611లో ఇక్కడ, హైదరాబాద్ బాద్‌షాహీ ఆషూర్‌ఖానా గోడల మీద కాషీకారీ పని ముగిసింది. పత్తర్‌గట్టీ పక్కన, ఈ రోజుకీ ఉంది. ఈ నగరం నక్షా వెనక ఉన్న మీర్ మోమిన్ అస్తరాబాదీ ఇరాన్ నుంచి వచ్చినవాడు. ఇక్కడే ఉన్నాడు, ఇక్కడే మట్టయ్యాడు. ఆయన దాయిరా పాతబస్తీలో ఉంది. కుతుబ్‌షాహీల మూలపురుషుడు సుల్తాన్ కులీ హమదాన్ వైపు నుంచి వచ్చాడు. ఆయన కొడుకు ఇబ్రహీంను తెలుగు కవులు మల్కిభరాముడన్నారు. సంస్కృతం కలపకుండా అచ్చ తెలుగులో వచ్చిన మొదటి కావ్యం, పొన్నెగంటి తెలగన యయాతి చరిత్ర, ఎవరికి అంకితం? అమీన్‌ఖాన్‌కి. ఇంట్లో ఫార్సీ వినబడే దర్బారు మనిషి నీడలో అచ్చ తెలుగు కావ్యం పుట్టింది. పరాయి అనే మాటకు ఇంతకన్నా మంచి జవాబ్ ఏముంటుంది?

మాజీని రెండుగా కోయాలనే పిచ్చి మనకొక్కరికే కాదు, ఇరాన్‌కూ పట్టింది. 1971లో షా పర్సెపోలిస్ శిథిలాల ముందు 2,500 ఏళ్ల షాహెన్‌షాహీ జష్న్ చేశాడు. లోకంలోని రాజులకు దావత్ ఇచ్చి, తన గరీబ్ అవామ్‌ను దూరంగా నిలబెట్టాడు. 1976లో కేలండర్‌నే మార్చి, హిజ్రత్ లెక్క తీసేసి సైరస్ నుంచి ఏళ్లు లెక్కపెట్టించాడు. జనం మండిపడ్డారు, రెండేళ్లకే వాపస్ తీసుకున్నాడు. 1979 ఇన్‌కిలాబ్ తర్వాత ఖల్ఖాలీ అనే మౌల్వీ ఉల్టా దిశలో పోయాడు. పర్సెపోలిస్‌ను నేలమట్టం చేయాలని చూశాడు. అక్కడి అధికారులు, షిరాజ్ జనం అడ్డం పడ్డారు. ఒకరు ఇస్లాంను కోసేయాలనుకున్నారు, ఇంకొకరు ఇస్లాంకు ముందున్నదాన్ని. ఇద్దరినీ మామూలు జనమే ఆపారు.

ఆ జనం ఈ రోజుకీ వాడే కేలండర్‌ను చూడండి. ఏళ్లు హిజ్రత్ నుంచి లెక్కపెడతారు. కొత్త సంవత్సరం నౌరోజ్ నాడు, వసంతంలో మొదలవుతుంది. మహీనాల పేర్లు జొరాస్త్రియన్ జమానావి: ఫర్వర్దీన్, తీర్, మెహర్, ఆబాన్, ఆజర్. ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం గారి సఫర్, పాత ఇరాన్ ఆగ్ దేవత, రెండూ ఒకే కాగితం మీద. ఎవరి ఈమాన్‌కీ ఖత్రా రాలేదు.

ఇది ఇరాన్ సంగతి కదా అనుకుంటే పొరపాటు. నిజాం రియాసత్ సర్కారీ ఫసలీ కేలండర్‌లో మహీనాలు ఇవే. ఆజుర్‌తో మొదలై ఆబాన్‌తో ముగిసేవి. తీర్ కూడా ఉంది, మెహర్ కూడా ఉంది. మెహర్ అంటే ఇరానీ మిథ్ర, మన వేదాల్లోని మిత్రుడు. ఇంట్లో మెహరున్నీసా అని కూతురికి పేరు పెట్టుకున్న ముసల్మాన్, మిత్ర అని కొడుక్కి పేరు పెట్టుకున్న హిందువు ఒకే పాత పేరును పిలుస్తున్నారు. నిజాం కాలం పాత దస్తావేజులు ట్రంకు పెట్టెల్లో ఉన్నవాళ్లు ఒకసారి తీసి తారీఖులు చూడండి.

అందుకని నా రాయ్ ఇది. మ్యూజియంకు పోవడం మన కౌమ్‌లో తీరుబడి ఉన్నవాళ్ల షౌక్‌గా మిగిలిపోయింది. అది తర్బియత్‌లో భాగం కావాలి. భూమ్మీద తిరగండి, మీకు ముందటి కౌముల అంజామ్ చూడండి అని ఖురాన్ మనకు పదే పదే చెబుతుంది. కళ్లు మూసుకోండి అని చెప్పలేదు. చూస్తేనే కదా ఇబ్రత్! మన పిల్లల్ని కుతుబ్‌షాహీ గుంబజ్‌లకే కాదు, నాగార్జునకొండకూ తీసుకుపోవాలి. అక్కడి బౌద్ధ శిల్పాలు కూడా వాళ్ల నేలవే, వాళ్ల పుర్ఖాలవే. అట్లాగే హిందూ దోస్తులు తమ పిల్లల్ని వేయి స్తంభాల గుడికి తీసుకుపోయినట్టే బాద్‌షాహీ ఆషూర్‌ఖానాకూ తీసుకురావాలి. ఆ పెంకుల నీలి రంగు కూడా వాళ్లదే. బడి కితాబుల్లో ‘దండయాత్రలు’ అనే ఒక్క పాఠం కాకుండా, ఆ దారుల్లోనే వచ్చిన మాటలు, పెంకులు, లెక్కలు కూడా ఉండాలి. మన మద్రసాల్లో ఇస్లాంకు ముందటి తారీఖ్‌కూ కాస్త జాగా ఉండాలి.

ఇవేవీ నచ్చని వాళ్లకు ఒక్క మాట. తెలుగులోంచి ఫార్సీని తీసేయాలని ఎవరైనా బయల్దేరితే దుకాణం మూతపడుతుంది, కాగితం చిరుగుతుంది, జేబు ఊడిపోతుంది, ఫిర్యాదు చేయడానికీ దర్యాప్తు చేయడానికీ మాట ఉండదు. ఆఖరికి ‘రోజు’ కూడా గడవదు, అది కూడా ఫార్సీయే. భూమి విషయంలో అయితే ఇంకా ముష్కిల్. తెలంగాణ రైతు భూమి మీద దశాబ్దాల పాటు నడిచిన రెవెన్యూ చట్టం పేరులోనే 1317 ఫసలీ ఉంది, అంటే 1907. ఆ పాత పహాణీలో, ఆంధ్ర రైతు అడంగల్‌లో కనిపించే ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే ఇంగ్లిషు సంవత్సరం వస్తుంది. అక్బర్ జమానాలో హిజ్రీ లెక్కను పంట కాలానికి కుదిర్చి చేసిన లెక్క అది. మక్కా నుంచి మదీనాకు సాగిన ఒక సఫర్, పేరు చెప్పకుండానే, తెలుగు రైతు పొలం కాగితంలో కూర్చుని ఉంది. ఆ రైతు పేరు రామయ్య అయినా, రహీం అయినా.